ఝరకల భాష

"ఎవనికి రాస్తున్నవే గీ ఉత్తరాలు?"

భాస్కర్ తన్నిన తన్నుకు లావణ్య ఒళ్లోని చాట ఎగిరిపడింది. తునికాకు, తంబాకు, చుట్టిన బీడీలు ఇల్లంతా చెల్లాచెదురయ్యాయి. అతని చేతిలో ఆమె నోటుబుక్కు. అక్షరాలు తెలుగువే. ఒక్క మాటా అర్థం కాదు.

"ఉత్తరాలు గాదు, కథ. ఎల్గటూరు కాడ గోదారి అడుగున రాతి ఒళ్లుతోటి బతికే ఝరకల కథ. గది వాళ్ల భాష."

"ఏడున్నరే వాళ్లు?"

"ఏడ లేరు. నేనే పుట్టిచ్చిన. భాష గూడ నేనే."

"లేనోళ్లకు భాషెందుకే!"

చెంప మీద పడిన దెబ్బకు పెదవి చిట్లింది. గోడ దగ్గర అత్త ముత్తవ్వ తలెత్తకుండా ఆకు కత్తిరిస్తోంది.

"అవ్వా, నువ్వు ఇంట్లనే ఉంటవ్ గద. ఎవడస్తుండు?"

"నాకేమెర్క కొడుకా. రేపటికి వెయ్యి బీడీలు గావాలె." కత్తెర ఆగలేదు.

భాస్కర్ లావణ్యను జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు.

"ఆటో తోల్తగని పిచ్చోన్ని గాదు నేను. ఒక్కదానికే ఎర్కైతే అది భాషెట్లయితదే? ఇంకొకలకు ఎర్కుండాలె. ఆ ఇంకొకడెవడు?"

పెదవి మీది నెత్తురు తుడుచుకోబోయిన లావణ్య చెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

"చెప్తవా, బీడీ మడిచే ఏలు ఇరువాల్నా?"

ఆ ఇంటికి బువ్వ పెట్టేది ఆ వేలే. అయినా చెప్పలేదు. విరిచాడు. పచ్చికట్టె విరిగిన చప్పుడు. ఆమె అరుపుకు వాకిట్లో కోళ్లు చెదిరాయి. పక్కింటివాళ్లు తలుపేసుకున్నారు. మొగుడూ పెళ్లాల పంచాయితీ కదా, వాళ్లకెందుకు!

"పేరు!"

గోడకు కూలబడ్డ ఆమె మీదికి వంగి రెండు చేతులా గొంతు పిసికాడు. ఒక్క పేరు చెబితే వదులుతాడు. చెబితే రేపు ఆ మనిషి గొంతు ఈ చేతుల్లో ఉంటుంది. లావణ్య పళ్లు బిగబట్టింది. కళ్లు బైర్లు కమ్మాయి.

అప్పుడు భాస్కర్ వెనక నుంచి కేక లేచింది.

"ఖుర్ ఝే, మోహా దుమ్!"

కాళ్లు నువ్వు పట్టు, తల నాది! ఝరకల ఆడవాళ్లు యుద్ధానికి దిగేటప్పుడు వేసే కేక అది. లావణ్య అతని పిక్కలు రెండూ వాటేసుకుని గుంజింది. భాస్కర్ దబ్బున వెల్లకిలా పడ్డాడు. పైకి చూశాడు.

"అవ్వా! ఆగే... నేను, నీ కొడుకును!"

రోకలి ఎత్తిన ముత్తవ్వకు ఆ క్షణాన తెలుగు రాదు.