బాణానికి ముందే కేక

“కుడివైపు బురుజు! వంగరా కౌస్త్యా!”

చెవుల్లో శ్రీరంగ్ కేక పడగానే కౌస్తుభ్ వేలు దానంతటదే మీట నొక్కింది. తెర మీద విలుకాడు వంగాడు. ఆ తర్వాతే బురుజు మీంచి బాణం దూసుకొచ్చింది. తల మీదుగా పోయి వెనక తలుపులో దిగబడింది.

“బతికాం!” అని నవ్వాడు కౌస్తుభ్. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అతను ఆడుతున్నది సాంగ్లీలో, తన మంచం మీద. శ్రీరంగ్ చూస్తున్నది పుణెలో, తన ఇంట్లో. ఇక్కడి బొమ్మ అక్కడికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. అందుకే శ్రీరంగ్ “జాగ్రత్త” అనేసరికి కౌస్తుభ్ ఎప్పుడో దెబ్బ తినేసి ఉంటాడు. దాని మీద రోజూ తిట్టుకోవడం ఇద్దరికీ సరదా. అలాంటిది ఇవాళ కేకే ముందొచ్చింది.

నిజానికి అది ఒక్కడే ఆడుకునే ఆట. బడి రోజుల్లో శ్రీరంగ్ ఇంట్లో ఒకే కంప్యూటరు ఉండేది. ఒకడు మీటలు నొక్కితే రెండోవాడు దారి చెప్పేవాడు. ఉద్యోగాలొచ్చి ఊళ్లు వేరైనా ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు నెట్‌లో మాట్లాడుకుంటూ, ఒకే తెర చూసుకుంటూ ఆడతారు. కొత్త ఆటను ఎవడూ ఒంటరిగా ముందు చూసి రాకూడదు. ఆయీ మీద ఒట్టు పెట్టుకున్నారు. కన్నతల్లి మీద పెట్టిన ఒట్టుకు తిరుగేముంటుంది?

కామెర్లొచ్చి సెలవు పెట్టాక కౌస్తుభ్ ఈ ఆట మొదలుపెట్టాడు. ఒకప్పుడు కొడుకు ఆట ముందు కూర్చుంటే చాలు వైరు పీకేసే బాబా, ఈసారి తనే వెళ్లి పెద్ద తెర కొనుక్కొచ్చాడు. మనిషికి కామెర్లు ఇంత మేలు చేస్తాయని కౌస్తుభ్‌కు ఇంతకుముందు తెలియదు.

నచ్చనిదల్లా శ్రీరంగ్ తొందర. చిన్నప్పుడు ఆటలో ప్రతి గుడిసెలోకీ దూరి, కనిపించిన ప్రతి ముసలాడితోనూ కబుర్లు పెట్టించేది వాడే. ఇప్పుడు కౌస్తుభ్ ఏ కాలిపోయిన పల్లె దగ్గర ఆగినా వాడికి ఒంటి మీద తేళ్లు పాకుతాయి.

“ఆ పల్లెలో నీకేం పనిరా? పద, కోటకు పద.”

“ఆగరా రంగ్యా. నీ సొమ్మేం పోయింది? దీపావళి దాకా ఆడుకుందాం.”

అలా అన్నప్పుడల్లా వాడు మాట మార్చేస్తాడు. వాడికి విసుగొచ్చిందనీ, పెళ్లయ్యాక పాత స్నేహితుడు బరువయ్యాడనీ కౌస్తుభ్‌కు లోపల ముల్లులా గుచ్చుకునేది. ఇప్పుడు ఆ ముల్లు మొత్తం దిగింది.

ఆట ఆపాడు.

“బాణం వస్తుందని నీకెలా తెలుసురా?”

“ఏదో… ఊహించాను.”

“కుడివైపు బురుజు అని కూడానా? ఆయీ మీద ఒట్టేసి చెప్పు.”



“ఆడేశానురా. ఆగలేకపోయాను.”

“ముగింపు కూడా చూసేశావా?”

“చూశాను.”

“ఒక్కడివే?”

“ఒక్కణ్ణే.”

అబద్ధం చెప్పినా బాగుండేదనిపించింది కౌస్తుభ్‌కు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత పెరిగి ఒక ఆట కోసం ఏడుస్తున్నందుకు సిగ్గేసింది. సిగ్గు వెనకే కోపం తన్నుకొచ్చింది.

“మంచం పట్టినవాణ్ణి కూర్చోబెట్టి, అన్నీ తెలిసి తెలియనట్టు నాటకాలాడావా? థూ! నువ్వూ ఒక దోస్తువేనా?”

“ఎంతైనా తిట్టు, పడతాను. కానీ ఆట ఆపకు. ఈ కోట, ఆ తర్వాత వంతెన, అంతే. ఆదివారానికి అయిపోతుంది. నీ కాళ్లు పట్టుకుంటానురా.”

“అంత తొందరైతే నువ్వు వేరే పని చూసుకో. నాకు ఒంట్లో ఓపికొచ్చాక, దీపావళి సెలవుల్లో నేనొక్కణ్ణే ఆడుకుంటా. ఇకమీదట నాకు ఫోను చెయ్యకు.”

చెవుల్లోని ఇయర్‌ఫోన్లు ఊడబెరికి దుప్పటి మీదికి విసిరాడు. ఆ మాత్రానికే ఆయాసం వచ్చింది. గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

ఆయీ చెరుకురసం గ్లాసుతో వచ్చింది.

“ఏమైంది రాజా? ఎవరి మీద అరుస్తున్నావు?”

“ఆ రంగ్యా పచ్చి మోసగాడు ఆయీ. వాడి పేరెత్తకు.”

“వాణ్ణి అలా అనకురా” అందామె. ఇంకేదో చెప్పబోయి ఆగింది. గ్లాసు పెట్టేసి వెళ్లిపోయింది.

ఈవిడ కూడా వాడి పక్షమే. కౌస్తుభ్ రెండు గుక్కలు తాగాడు, దిగలేదు. వీధి అవతల షెడ్డులో గణపతి విగ్రహాలకు రంగులేస్తున్నారు. కిటికీలోంచి ఆ వాసన వస్తోంది. ఈ ఏడు నిమజ్జనంలో ఢోలు తనే వాయించాలి. ఆ మోసగాడు పుణె నుంచి వచ్చినా సరే, పక్కకు కూడా రానివ్వకూడదు.

తెర మీద శ్రీరంగ్ పేరు ఇంకా వెలుగుతోంది. గొడవలో ఇద్దరూ లైను కట్ చేయడమే మరిచారు. కట్ చేద్దామని చెయ్యి చాపిన కౌస్తుభ్‌కు, దుప్పటి మీంచి సన్నగా మాటలు వినబడ్డాయి. తీసి చెవికి ఆనించుకున్నాడు.

అటువైపు శ్రీరంగ్ భార్య మృణాల్ గొంతు. “నింద నెత్తిన వేసుకోవడం దేనికి? ఎందుకు ఆడావో చెప్పేయలేకపోయావా?”

శ్రీరంగ్ ఏడుస్తున్నాడు.

“ఏమని చెప్పను మృణాల్, ముగింపు వాడికి చూపించాలనే కదా దగ్గరి దారి ముందే వెళ్లి వెతికిపెట్టింది, వాడు ఈ గణపతి నిమజ్జనం దాకా కూడా ఉండడని డాక్టరు వాళ్ల బాబాతో చెప్పేశాడు.”