ఎవరిదీ కాని పిలుపు

"మళ్ళీ బిగుసుకుపోయింది సార్!" సూపర్‌వైజరు తెర మీద వేలితో టకటకా పొడిచాడు. "బయట లారీలో చేపలు కరిగి నీళ్ళు కారుతున్నాయి. గది గడ్డకట్టకపోతే సరుకు మట్టిపాలు, దాని వెనకే నా ఉద్యోగం."

ఇంజనీరు లాప్‌టాప్ నుంచి తలెత్తలేదు. ఈ శీతల గిడ్డంగి యంత్రానికి డ్రైవర్ ప్రోగ్రామ్ రాసింది అతనే. తీగలు లాగింది అతని బావమరిది.

"ఏదో పరికరం ఊపిరి సలపకుండా ఇంటరప్ట్‌లు పంపుతోంది. చేస్తున్న పని ఆపు, ముందు నా సంగతి చూడు అని ప్రాసెసర్ ప్రాణం తోడేస్తోంది. ఇక మన తెరని పట్టించుకునే తీరిక దానికెక్కడిది?"

"ఏ పరికరమండీ?"

"అదే అంతుపట్టట్లేదు. ఈ తీగ మీద ఉన్నవి రెండే. తలుపునడిగితే, మూసుకునే ఉన్నాను, నేను పిలవలేదంటుంది. థర్మామీటర్నడిగితే, నన్నెందుకు లాగుతారంటుంది."

"మరి పిలుస్తున్నదెవరు?"

"మా బావమరిది పనితనం! ఎక్కడో తీగ వదులుగా బిగించుంటాడు. వాడు మా ఇంట్లో ఫ్యాను బిగిస్తే లైటు వెలిగింది."

సూపర్‌వైజరు కిసుక్కున నవ్వాడు. ఇంజనీరు బావమరిదికి ఫోన్ కలిపాడు. అందుబాటులో లేడంది.

"పనున్నప్పుడే మాయమవుతాడు. ఏ టీ కొట్టు దగ్గర కబుర్లు చెబుతున్నాడో!"

"ఇప్పుడెలా సార్?"

"ఎవరూ నాదనని పిలుపు అదే పనిగా వస్తుంటే, ఆ తీగని వినడమే మానెయ్యమని ప్రాసెసర్‌కి చెబుతాం. మా పనిలో ఇది మామూలే. తలుపునీ థర్మామీటర్నీ మనమే మధ్యమధ్యలో పలకరిస్తే సరి. గది ఖాళీయేగా?"

"సరుకింకా దిగందే, ఖాళీ కాక!"

ఇంజనీరు రెండు లైన్లు కొట్టాడు. తెర నిద్ర లేచినట్టు కదిలింది. గోడ అవతల కంప్రెసర్లు ఒక్కసారిగా హోరెత్తాయి. అంకెలు సున్నా దాటి మైనస్‌లోకి జారసాగాయి.

"బతికించారు సార్!" సూపర్‌వైజరు పరుగున వెళ్ళి టీ తెచ్చి చేతిలో పెట్టాడు.

సగం తాగేసరికి భార్య ఫోను.

"ఏవండీ, తిట్టకండి. తమ్ముడు మీకో మాట చెప్పమన్నాడు, పనిలో పడి మరిచిపోయాను. మీ ఫోను దొరకలేదట."

"వాడా! ఎక్కడ తగలడ్డాడు?"

"ఏమో. తలుపు తీగకే ఇంకో బటన్ కలుపుతున్నాడట. బిగించాక పనిచేస్తుందో లేదో తనే నొక్కి చూస్తానన్నాడు. మీ ప్రోగ్రామ్‌లో దాన్ని చేర్చమన్నాడు."

టీ గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

"ఏం బటన్?"

"గదిలోపల ఎవరైనా చిక్కుకుపోతే నొక్కేదట."