నాడా కట్టే చోట

ఒరేయ్ కోటయ్యా, బాగున్నావా? నీ మెసేజ్ చూసి కూడా ఇరవై రోజులు జవాబివ్వలేదు, ఏమనుకోకు. మా ఆవిడను, అదే మీ చెల్లెలు సాజిదాను, గుంటూరు ఆసుపత్రిలో చేర్చాను.

లంగా నాడా కట్టుకునే చోట నడుము మీద రెండేళ్లుగా మానని పుండు. చెమట వల్లేనని నేను పౌడరు డబ్బాలు ఇస్తూ వచ్చాను. డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. చర్మ క్యాన్సరంట.

"ముప్పై ఏళ్లు నాడా ఒకేచోట బిగించి కట్టింది. అక్కడ ఒరుసుకుని పుండు పడి మానకపోతే, ఒక్కోసారి ఇలా మారుతుంది. వదులుగా కట్టుకోవాలి, పట్టీ వెడల్పుగా ఉండాలి" అన్నాడు. మీరేం చేస్తారని అడిగితే, నరసరావుపేటలో లంగాలే అమ్ముతానని చెప్పలేకపోయాను.

నిన్న ఒక్కపూట కొట్టు తీశాను.

"బాబాయ్, నాడా సన్నగా, గట్టిగా ఉండేదియ్యి. మిరపచేలో వొంగితే జారకూడదు" అన్నది మొదటి బేరానికి వచ్చినామె. నీ నడుము మీద పుండేమైనా ఉందా తల్లీ అని మగవాణ్ణయ్యుండి ఎట్లా అడిగేదిరా? అడిగిందే ఇచ్చి పంపాను.

ఈ రోజు సాజిదాకు ఆపరేషన్. లోపలికి తీసుకెళ్తుంటే నా చెయ్యి పట్టుకుంది. భయమేస్తుందంటుందేమో అనుకున్నాను.

"రంజాన్‌కి సేమ్యా తినటానికి వచ్చినప్పుడు కోటయ్యన్న భార్య కూడా నాడా దగ్గర మండుద్దన్నది. నేను పౌడరే రాసుకోమన్నా. వాళ్లకు చెప్పండి" అన్నది.

చెల్లెమ్మను తీసుకుని ఇక్కడికి ఎప్పుడొస్తావురా?