ముగూలే

ఆఫ్రికా గురించి యాకూబ్‌కు తెలిసిందంతా శుక్రవారం సాయంత్రం తెలిసేది. శనివారం పొద్దున అది పిల్లలకు చెప్పేసేవాడు. ఆదివారానికి తానే మరిచిపోయేవాడు.

మస్కట్‌లో జువేరియా ఒక కళాకేంద్రం నడుపుతోంది. జంజిబార్ నుంచి వచ్చి ఒమన్‌లో స్థిరపడిన కుటుంబం ఆమెది. అలాంటి కుటుంబాల పిల్లలకు తాతల నాటి తూర్పు ఆఫ్రికా బొమ్మలు, అద్దకాలు నేర్పించాలని ఆమె తాపత్రయం. తామెవరో పిల్లలకు తెలియాలంటుంది. తెలియజెప్పే బాధ్యత మాత్రం ఊళ్లోనే ఘాలా పేటలో సైన్‌బోర్డులు రాసుకునే హైదరాబాదీ యాకూబ్ నెత్తిన పడింది.

యాకూబ్ రూమ్‌లోనే ఉండే భూమేశ్‌కు ఈ సంగతి వింటేనే నవ్వు. అతనిది జగిత్యాల దగ్గర ఊరు, కంపెనీ బస్సు నడుపుతాడు.

"యాకూబ్ భాయ్, ఆఫ్రికా గురించి నీకేం ఎర్క?"

"ఏం ఎర్క లేదు. గందుకే వారానికి ఒక్కపూటే చెప్తున్న."

"మరి ఇంటర్వ్యూల ఏమడిగిన్రు?"

"ఏం అడగలే. నన్ను జూసింది, ఎప్పుడు జాయిన్ అయితవ్ అన్నది."

"నిన్ను జూసినంక ఇగ అడిగేటిదేముంటది తియ్."

మొహం చూసి మోసపోయేవాళ్లు లోకంలో ఇంకా ఉన్నారనుకుని యాకూబ్ కూడా నవ్వాడు.

బల్ల కింద ఫోను పెట్టుకుని పాఠం చెప్పేవాడు. మొదటి వారం ఒక కొయ్య ముసుగు బొమ్మ గీయించి, ఇది జంజిబార్‌దే అన్నాడు. అది ఖండానికి అటు చివరిదని వారం తిరిగాక తెలిసింది. ఆ ఖండం అంత పెద్దదని కూడా అప్పుడే తెలిసింది. తర్వాత కంగా బట్ట మీదికి దిగాడు. చుట్టూ అంచు, మధ్యలో పెద్ద బొమ్మ, దాని కింద స్వాహిలీలో ఒక మాట. అది బాగానే కుదిరింది.

"మీ నానమ్మ కూడా కంగా కట్టుకునేదా?" అని ఓ చిన్నపిల్ల అడిగింది.

"రోజూ," అన్నాడు. ఆమె జన్మంతా నూలు చీరలే కట్టింది.

పిల్లలు అతన్ని మ్వాలిము అని పిలిచేవారు. స్వాహిలీలో గురువు అని అర్థం. పొద్దస్తమానం 'టైర్ పంక్చర్' అని మూడు భాషల్లో రాసే మనిషికి ఆ పిలుపు వింటే వెన్ను నిటారుగా అయ్యేది. అందుకే మానలేకపోయాడు.

ఒక శనివారం ఇంటర్నెట్ పోయింది. బల్ల కింది గురువు మూగబోయాడు. పిల్లలు బ్రష్షులు పట్టుకుని చూస్తున్నారు. యాకూబ్ వెంటనే బోర్డు మీద వరసగా చుక్కలు పెట్టాడు. చిన్నప్పుడు పక్కింటి యాదవ్వ వాకిట్లో రోజూ వేసే ముగ్గు ఒక్కటే అతనికి చూడకుండా వచ్చు. చుక్కల చుట్టూ గీత తిప్పుకుంటూ పోయాడు.

"దీని పేరేంటి మ్వాలిము?"

"ముగ్..." అన్నాడు. నాలుక కరుచుకుని, "ముగూలే," అని పూర్తి చేశాడు.

పిల్లలకు ముగూలే తెగ నచ్చింది. పుస్తకాల నిండా, చేతుల నిండా ముగూలే. ప్రదర్శన రోజు జువేరియా దాన్ని గోడంత పెద్దదిగా వేయించి గుమ్మంలోనే పెట్టింది. కింద అట్ట మీద 'తూర్పు ఆఫ్రికా ముగూలే కళ' అని మూడు భాషల్లో ఉంది. రాసింది యాకూబే. అక్షరాలు చాలా బాగా కుదిరాయి.

తల్లిదండ్రులంతా వచ్చారు. జువేరియా నాయనమ్మ కూడా చేతికర్రతో వచ్చింది. జంజిబార్‌లో పుట్టి పెరిగిన మనిషి. సినిమాలు చూసి చూసి హిందీ బాగా పట్టుబడింది. లోపల అన్నీ వదిలేసి ఆవిడ ముగూలే ముందే నిలబడిపోయింది.

"నా చిన్నప్పుడు మా వీధిలో హిందూస్థానీ ఆడవాళ్లు ఉండేవారు," అంది హిందీలో. "దీపావళికి గడపల ముందు ఇలాంటివే వేసేవారు."

యాకూబ్ తల తిప్పి చూశాడు. పక్కనే జువేరియా ఉంది. ఇంకొంచెం సేపట్లో పిల్లలందరి ముందూ తనను మైకు దగ్గరికి పిలుస్తుంది. వాళ్ల ముందు పరువు పోవడం కంటే ఇక్కడే పోగొట్టుకోవడం నయమనిపించింది.

"మీ వీధిలో వేసిందే అమ్మా," అన్నాడు. "ఇది ముగ్గు. నాకు స్వాహిలీ రాదు. కంగా మొదటిసారి చూసింది ఫోనులో. నాది హైదరాబాద్. పిల్లలకు ఇన్నాళ్లూ దొంగపాఠాలు చెప్పాను. వచ్చేవారం నుంచి రాను."

జువేరియా మొహం పాలిపోయింది. "ఇంటర్వ్యూలో చెప్పలేదేం?"

"మీరు అడగలేదు మేడమ్."

ముసలావిడ మాత్రం అతని మొహంలోకే చూస్తోంది. కోపం ఉన్నట్టు లేదు.

"మోకాలి ఆపరేషన్‌కు నేను హైదరాబాద్ వెళ్లాను," అంది. "నీది ఎక్కడ?"

"మాసబ్ ట్యాంక్ పక్కన. ఏసీ గార్డ్స్."

"ఆ పక్కనే దిగాం. ఏసీ అంటే ఏమిటని టాక్సీ అతన్ని అడిగితే తెలియదన్నాడు. నీకైనా తెలుసా?"

బడిలో ఉన్నప్పటి నుంచీ ఈ ప్రశ్నకు ఎయిర్ కండిషనర్ అని చెప్పి, నలుగురినీ నవ్వించి తప్పుకోవడం యాకూబ్‌కు అలవాటు. ఇప్పుడు ఎందుకో ఆ మాట నోటికి రాలేదు.

"ఆఫ్రికన్ కావల్రీ అమ్మా," అన్నాడు, "నిజాం గుర్రపు దళం కోసం అక్కడి నుంచి ఓడెక్కించి తెచ్చినవాళ్లలో మా ముత్తాత ఒకడు."