గడియారస్తంభం దగ్గర చుక్కలు

"మామయ్యా, మనం సరుకు పంపే ఇళ్ల చిరునామాలన్నీ మ్యాప్‌లోకి ఎక్కించాను. ఒక్కో చుక్క ఒక్కో ఇల్లు," అంటూ కోడలు కంప్యూటర్ నా వైపు తిప్పింది.

బేరం ఎక్కడుంటే నా కన్ను అక్కడే పడుతుంది. "గడియారస్తంభం దగ్గర చీమల్లా ఉన్నారే. రెండో కొట్టు అక్కడే తెరుద్దాం," అన్నాను.

కోడలు నవ్వింది. "అక్కడ మనకు ఒక్క బేరమూ లేదు. మన పేటలోని కొత్త వీధులు ఈ మ్యాప్‌కి తెలియవు. దొరకని చిరునామానల్లా తెచ్చి ఊరి నడిబొడ్డున, ఆ గడియారస్తంభం దగ్గర పడేస్తుంది."

బస్తాలు సర్దుతున్న మా చిన్నోడి చేతులు ఆగిపోయాయి.

వాళ్లమ్మకు గుండెనొప్పి వచ్చినప్పుడు అంబులెన్సుకు చిరునామా చెప్పింది వాడే. డ్రైవరు గడియారస్తంభం దగ్గర ఆగి, ఇల్లెక్కడని ఫోన్ చేశాడు. దారి చెప్పి రప్పించేసరికి ఆమె ప్రాణం పోయింది. కంగారులో తప్పు చెప్పానని వాడు కుమిలిపోతూనే ఉన్నాడు. ఎవరు చిరునామా అడిగినా ఫోన్ కోడలి చేతికిస్తాడు. సరుకు పాడైతే మార్చి ఇవ్వగలను గానీ, ఆ రోజును మార్చి ఇవ్వలేనుగా.

"ఒరేయ్, ఆ రోజు ఎలా చెప్పావో అలాగే చెప్పు."

"వద్దు నాన్నా."

"చెప్పరా."

తలెత్తకుండానే ఇంటి నంబరు, వీధి, పేట చెప్పాడు. కోడలు అది కంప్యూటర్‌లో కొట్టింది. చుక్క వెళ్లి గడియారస్తంభం దగ్గర పడింది.

"నువ్వు సరిగ్గానే చెప్పావురా," అన్నాను.

వాడు బస్తా వదిలి తెర దగ్గరకొచ్చాడు. "దీన్ని మార్చలేమా?"

"లాగి మనింటి మీద పెడితే సరి," అంది కోడలు.

వాడే లాగాడు. చుక్క ఊరంతా దాటి మా గుమ్మం చేరడానికి రెప్పపాటు కూడా పట్టలేదు.