వేరే ఎన్విరాన్‌మెంట్

"ఎవరిది వాళ్లకి వేరుగా పెట్టుకుందామని మొదట్నుంచీ మొత్తుకుంటున్నా! విన్నావా?"

వినీల అరుపు కింద వాటాలో ఉన్న ఇంటావిడ వెంకటరత్నమ్మగారి దాకా వినిపించింది.

వినీల, ఎలీషా కంకిపాడులో ఆ మేడమీద వాటాలో దిగింది ఆ ఉదయమే. మధ్యాహ్నానికే గొడవ.

ఇద్దరూ వెబ్‌సైట్లు నడుపుతారు. వినీలది ఒక స్కూలు రిజల్ట్స్ సైటు. ఎలీషాది ఉయ్యూరులో ఓ కల్యాణమండపం బుకింగుల సైటు. రెండూ ఉన్నది ఒకే కంప్యూటర్లో. రెండూ నడిచేది పైథాన్‌లో రాసిన జాంగో అనే సాఫ్ట్‌వేర్ మీద. ఎలీషా తన సైటు కోసం కంప్యూటర్ మొత్తానికీ కొత్త జాంగో ఎక్కించాడు. పాతది పోయింది. దాన్నే నమ్ముకున్న వినీల సైటు కుప్పకూలింది.

సాయంత్రం ఐదింటికి రిజల్ట్స్. స్కూలు నుంచి ఒకటే ఫోన్లు.

వెంకటరత్నమ్మగారు పక్కింటి బసవపున్నయ్యగారిని వెంటబెట్టుకుని పైకొచ్చారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. విడిపోబోయిన కాపురాలు చాలా నిలబెట్టిన మనిషి.

"నీకేం కావాలమ్మా?" అన్నారాయన.

"వేరే ఎన్విరాన్‌మెంట్ అండీ. తను ఏది మార్చినా నాది కూలిపోతోంది."

"నువ్వేమంటావయ్యా?"

"అన్నిటికీ కలిపి ఒకటి చాలదాండీ? ఇప్పుడంటే రెండే. రేపు పది అయితే, ఒక్కోదానికీ వేరుగా అంటే చోటెక్కడిది?"

"పదే!" వెంకటరత్నమ్మగారు గుండెల మీద చెయ్యేసుకున్నారు.

బసవపున్నయ్యగారు ఎలీషా భుజం తట్టారు. "అబ్బాయ్, ఆ పిల్ల అడిగింది ఇచ్చెయ్. వేరుగా ఉన్నా ఒకే కప్పు కింద కదా ఉండేది!"

ఇంత తేలిగ్గా ఈ ముక్క ఎలీషాకి ఎవరూ చెప్పలేదు.

వెంటనే కూర్చున్నాడు. ఒకే కంప్యూటర్లో, ఒకదానికొకటి తగలకుండా రెండు ఎన్విరాన్‌మెంట్లు కట్టాడు. ఒకదాంట్లో పాత జాంగో, రెండోదాంట్లో కొత్తది. ఐదవుతుండగా రిజల్ట్స్ సైటు లేచింది.

వినీలకి కళ్లనీళ్లు తిరిగాయి.

వెంకటరత్నమ్మగారు గబగబా కిందికెళ్లి సున్నుండలు తెచ్చారు. "నీ చేత్తో తినిపించు బాబూ. ఇంకెప్పుడూ ఇలా పోట్లాడుకోకండి."

"అలాగేనండీ," అన్నాడు ఎలీషా. తెర మీంచి చూపు తిప్పకుండానే ఓ సున్నుండ తీసి వినీల నోటికందించాడు. ఆమె కూడా తెర మీంచి చూపు తిప్పకుండానే కొరికింది.

సరిగ్గా అప్పుడే, కొత్త ఆఫీసు చూద్దామని పునుగుల పొట్లంతో మెట్లెక్కి వచ్చిన వినీల భర్త గుమ్మంలోనే ఆగిపోయాడు.