అంటు

"అత్తా, గడప తొక్కబాక!" ముత్యాలయ్య గుడిసె వాకిట్లో చేతులు అడ్డం పెట్టాడు.

మెడలో పుట్టిన గడ్డకు మద్రాసులో సూదులు వేయించుకుని వచ్చిన పేరమ్మ లోపల చాప మీద కూర్చుని ఉంది. వచ్చి నాలుగు రోజులైంది. అన్నం గిన్నె గడప దగ్గర పెట్టి వెళ్లడమే తప్ప మొగుడు దగ్గరికి రావడం లేదు.

"కన్నబిడ్డను చూడనీవా అల్లుడా?" అంకాలమ్మ దగ్గుతూ అడిగింది.

పేరమ్మకు ఏడుపు ఆగలేదు. "నా రోగం మీకంటుకుంటుందనే గదా? ఒంటరిగా చచ్చిపోతానేమోనని బయంగా ఉండాదయ్యా."

ముత్యాలయ్య వెనక్కి తిరిగాడు. తుపాను అలలకు బెదరని మనిషి గడప ఇవతలే ఆగిపోయాడు.

"నీది మాకంటదు పేరమ్మా. మాదే నీకంటుద్ది. ఆ మందు గడ్డతో పాటు నెత్తుట్లో తెల్లకణాల్ని కూడా చంపేసిందంట. రోగాల్ని తరిమేదీ, మిగిలిన గడ్డతో కొట్లాడేదీ అవేనంట. అవి మళ్లా పుట్టిందాకా చిన్న జలుబు చేసినా నువ్వు దక్కవని డాక్టరు చెప్పినాడు. నాకు రొంప పట్టింది. అందుకే పడవలో పడుకుంటా ఉండా."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు బయపడతావని."

అతని వెనక అంకాలమ్మ మళ్లీ దగ్గింది. పేరమ్మ ఉలిక్కిపడి లేచి, గుడిసె వెనక గోడ దాకా జరిగింది.

"అమ్మా, లోపలికి రాబాక. ఆడే కూర్చోని మాట్లాడు. వింటా ఉంటా."